మొక్క నాటే ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి: చెరువులు, పొదలు, గడ్డినేలల పునరుద్ధరణలో వాలంటీరుగా పనిచేయడం ఎలా?

"మా దగ్గర చెరువు పాడైపోతోంది, ఏదైనా చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. వాళ్లలో చాలామంది అప్పటికే ఎన్ని మొక్కలు కొనాలో లెక్క వేసుకుని ఉంటారు. కాస్త ఆగండి. ఈ పనిలో మొక్క నాటడం దాదాపు ఆఖరున వస్తుంది.

వరస ఇది: ముందు స్థలాన్ని గమనించాలి. తర్వాత అనుమతి తీసుకోవాలి, నష్టానికి కారణమేమిటో పట్టుకుని ఆపాలి, కలుపు తీయాలి. దానంతట అదే మొలిచేదాన్ని కాపాడాలి. అప్పటికీ ఖాళీ మిగిలితే నాటాలి. నాటినదాన్ని కనీసం రెండు వేసవులు దాటించాలి. ఈ వరస తప్పితే ఎంత శ్రమ పడినా ఏడాదికల్లా స్థలం మళ్లీ మొదటికే వస్తుంది.

## 1. ఎవరితో కలిసి పనిచేయాలి?

మీ చుట్టుపక్కల ఇప్పటికే పనిచేస్తున్న బృందం ఉంటే కొత్తది పెట్టకండి, అందులో చేరండి. స్థలం గురించి వాళ్లకు తెలిసినంత మీకు తెలియడానికి కొన్నేళ్లు పడుతుంది. చేరే ముందు మాత్రం ఈ ప్రశ్నలు అడగండి:

- ఈ స్థలం ఎవరిది? పని చేసుకోవడానికి రాతపూర్వక అనుమతి ఉందా?
- ఏ మొక్క తీయాలో, ఏది ఉంచాలో చెప్పగల మనిషి పని రోజున అక్కడ ఉంటారా?
- పోయినేడు పని చేసిన చోటు ఇప్పుడెలా ఉంది? వెళ్లి చూడొచ్చా?
- నాటిన మొక్కలకు ఎండాకాలంలో నీళ్లు ఎవరు పోస్తున్నారు?

మూడో ప్రశ్నకు "రండి, చూపిస్తాం" అనే బృందాన్ని నమ్మొచ్చు. ఎన్ని వేల మొక్కలు నాటారో చెబుతూ, ఎన్ని బతికాయో చెప్పలేకపోతే ఇంకో బృందాన్ని వెతుక్కోండి.

అలాంటి బృందమేదీ లేకపోతే ముగ్గురు నలుగురితో మీరే మొదలుపెట్టండి. స్థలం మాత్రం చిన్నది ఎంచుకోండి. పెద్ద చెరువులో ఒక మూల, గుట్ట మీద పాతిక అడుగుల మేర పొదలు చాలు. నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఉండాలి. దూరమైతే మొదటి నెల ఉత్సాహం మూడో నెలకు ఉండదు.

## 2. అనుమతి

ఖాళీగా కనిపించినంత మాత్రాన అది ఎవరిదీ కాదనుకోవద్దు. ఒకే చెరువులో నీళ్లు ఒక శాఖ కింద, గట్టు ఇంకో శాఖ కింద, అంచున ఉన్న పట్టా భూమి ఒక రైతు పేరున ఉండొచ్చు. అటవీ భూమిలో, రక్షిత ప్రాంతంలో అయితే కలుపు మొక్క పీకాలన్నా అనుమతి ఉండాల్సిందే.

అనుమతి కాగితంలో నాలుగు విషయాలు స్పష్టంగా రాయించుకోండి: ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఏం తీస్తారు, తీసినదాన్ని ఎక్కడ వేస్తారు, ఏ తేదీ వరకు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. ట్రాక్టరు నిండా కలుపు తీశాక దాన్ని ఎక్కడ వేయాలో తెలియక రోడ్డు పక్కన వదిలేస్తే, ఊళ్లో మీ మీద నమ్మకం మొదటి రోజే పోతుంది.

ఆ స్థలాన్ని రోజూ వాడుకునేవాళ్లతో కూడా మాట్లాడండి. పశువులు మేపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, కట్టెలు ఏరుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు చెప్పకుండా కంచె వేస్తే అది నిలవదు. పైగా ఏ నెలలో ఏ పక్షి వస్తుందో, నీళ్లు ఎంతవరకు లేస్తాయో అందరికంటే బాగా తెలిసింది వాళ్లకే.

## 3. పని మొదలుపెట్టే ముందు స్థలాన్ని చదవండి

వీలైతే ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. అంత ఆగలేకపోతే నాలుగు వారాలపాటు వారానికి రెండుసార్లయినా వెళ్లండి. ఒకసారి పొద్దున్నే వెళితే, ఇంకోసారి పొద్దుగూకే వేళ వెళ్లండి. చేతిలో పార, కొడవలి వద్దు. నోటుబుక్కు చాలు.

చేత్తో ఒక పటం గీసి ఇవి గుర్తించండి:

- వాన నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోంది
- చెత్త, మురుగు చేరే చోట్లు
- పశువుల బాటలు, మనుషుల బాటలు
- బాగున్న చోట్లు: స్థానిక మొక్కలు తమంతట తాము మొలుస్తున్నవి
- గూళ్లు, బొరియలు, పుట్టలు, తొర్రలున్న చెట్లు

నేల మీద గూడు పెట్టే పక్షుల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. తీతువునే తీసుకోండి. అది పుల్లలతో గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న పల్లంలో గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్లు రాళ్లలో కలిసిపోయి, పక్కనే నిలబడినా కనిపించవు. మీరు నడుస్తుండగా ఆ పక్షి తల మీదుగా గట్టిగా అరుస్తూ పదే పదే తిరుగుతుంటే గూడు దగ్గర్లోనే ఉందని అర్థం. వెతకబోకండి. వచ్చిన దారినే, అడుగు చూసుకుంటూ వెనక్కి వెళ్లండి. పటంలో ఆ చోట గుర్తు పెట్టి, పిల్లలు నడిచి వెళ్లిపోయేదాకా అక్కడ పని ఆపేయండి.

ఇంకో సంగతి. చెట్లు లేని నేలంతా పాడైన నేల కాదు. సహజమైన గడ్డినేల, రాతిగుట్ట, చిత్తడి నేల చెట్లు లేకుండానే ఆరోగ్యంగా ఉంటాయి. భరద్వాజ పక్షులకు (ఇంగ్లిషులో లార్క్) కావాల్సింది ఆ బహిరంగమైన గడ్డే. అక్కడ వరసగా చెట్లు నాటితే ఆ నీడలో గడ్డిని నమ్ముకున్న జీవులకు చోటు ఉండదు. మీ స్థలం అసలు ఎలా ఉండాలో తెలియకపోతే, అలాంటి నేలే, అదే వానపాతంతో దగ్గర్లో చెక్కుచెదరకుండా మిగిలిన చోటు ఒకటి వెతికి చూడండి. మీ పనికి అదే కొలమానం.

## 4. ముందు నష్టాన్ని ఆపండి

చెరువు నిండా గుర్రపు డెక్క (నీటి మీద తేలుతూ అల్లుకునే కలుపు మొక్క) ఉందంటే, ఎక్కడో మురుగో ఎరువుల నీరో కలుస్తోందని అర్థం. ఆ పోషకాలే దానికి తిండి. కాలువ అలాగే ఉంచి డెక్క తీస్తే అది మళ్లీ అల్లుకుంటుంది. వేడి, పోషకాలు ఉన్న నీళ్లలో రెండు వారాల్లో రెట్టింపు కాగల మొక్క అది.

గట్టు కోసుకుపోతుంటే పైనుంచి వచ్చే నీటి వేగం తగ్గించాలి. మొలకలు కనబడకపోతే మేపు వల్లనా, నిప్పు వల్లనా, తొక్కిడి వల్లనా అని చూడాలి. కారణం మీ చేతిలో లేనిదైతే, మురుగుకాలువ మళ్లించడం లాంటిదైతే, ఫొటోలు, తేదీలతో సంబంధిత కార్యాలయంలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఆ పని నడుస్తుండగా, కారణం తాకని మూలలో మీరు మొదలుపెట్టండి.

## 5. పని రోజుకు సిద్ధం కావడం

ఒక్కో నాయకుడి కింద ఆరేడుగురికి మించి వద్దు. అంతకంటే ఎక్కువైతే ఎవరు ఏం పీకుతున్నారో చూడటం కుదరదు. పొద్దున రెండున్నర, మూడు గంటల పని చాలు. అలసిన చేతులే తప్పు మొక్కను పీకుతాయి.

వెంట తీసుకెళ్లాల్సినవి

- మందపాటి చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు, చీలమండ దాటే బూట్లు
- గడ్డపార, పార, కొడవలి, తట్టలు
- రంగు రిబ్బను లేదా గుడ్డ పీలికలు (ఉంచాల్సిన మొక్కలకు కట్టడానికి)
- మాస్కు, టోపీ, తాగే నీళ్లు
- ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దగ్గరి ఆసుపత్రి ఫోన్ నంబరు రాసిన కాగితం

బూట్లు, పనిముట్లు మట్టి లేకుండా కడిగి తీసుకెళ్లండి. వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ కడగండి. బూటు అడుగున అంటిన బురదతో ఒక చోటి కలుపు విత్తనాలు ఇంకో చోటికి చేరతాయి.

పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు అందరినీ నిలబెట్టి, తీయాల్సిన మొక్కను, దానిలాగే కనిపించే ఉంచాల్సిన మొక్కను పక్కపక్కన చూపించండి. ఆకు నలిపి వాసన చూడనివ్వండి, కాండం తడమనివ్వండి. ఫొటో చూపిస్తే సరిపోదు.

పొదలో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి. రాయి ఎత్తాల్సి వస్తే అవతలి అంచు పట్టుకుని మీ వైపు ఎత్తండి. అప్పుడు కింద పాము ఉన్నా రాయి మీకూ దానికీ మధ్య అడ్డుగా ఉంటుంది. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయకూడదు. కరిచిన చోటును కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాలికో చేతికో తెగిన గాయం ఉన్నవాళ్లను బురద నీళ్లలో దించకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ప్రమాదకరమైన జ్వరం. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో ముందే అడగండి.

## 6. కలుపు తీయడం: అసలు నేర్పు ఇక్కడే

బాగా చెడిపోయిన చోటు నుంచి మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. చేయాల్సింది దానికి తలకిందులు. సిడ్నీలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు 1960ల్లో పాటించి చూపిన పద్ధతి ఇప్పటికీ వాలంటీర్లకు బాగా పనికొస్తుంది. అందులో మూడే సూత్రాలు:

1. బాగున్న చోటు నుంచి మొదలుపెట్టి, చెడిన చోటు వైపు జరుగుతూ వెళ్లండి.
2. నేలను వీలైనంత తక్కువ కదిలించండి. పీకిన చోట ఆకుల దుప్పటిని తిరిగి కప్పేయండి.
3. స్థానిక మొక్కలు ఖాళీని ఎంత వేగంగా నింపితే అంత వేగంగానే ముందుకు జరగండి.

మూడోది పాటించడం కష్టం. చేతిలో ముప్పైమంది ఉంటే ఎకరం శుభ్రం చేసేయాలనిపిస్తుంది. ఒట్టిగా మిగిలిన ఆ ఎకరంలో తొలి వానకు మొలిచేది కలుపే. ఇరుకైన పట్టీలుగా తీయండి. ముళ్లపొదలో గూడు పెట్టిన పిట్టకు పక్క పట్టీలో చాటు మిగులుతుంది.

ఇక మొక్క మొక్కకూ పద్ధతి మారుతుంది.

వయ్యారిభామ. పూత రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకాలి. పైన కోసి వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది. పూత ముదిరాక కదిపితే వేల విత్తనాలు మీరే చల్లినట్టవుతుంది. దీని పుప్పొడి, ఆకులు చర్మానికీ ఊపిరికీ పడవు. ఉబ్బసం, చర్మ అలర్జీ ఉన్నవాళ్లకు ఆ రోజు వేరే పని అప్పగించండి. మిగతావాళ్లు తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోకూడదు.

లంటానా. పులికంప అని కూడా అంటారు. నేలకు సమానంగా నరికితే మొదలు నుంచి బోలెడు పిలకలు వేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతిలో, మొదలు చుట్టూ మట్టి కాస్త తప్పించి, పిలకలు వేసే భాగం కింద, అంటే నేలకు కొద్ది సెంటీమీటర్ల దిగువన ప్రధాన వేరును నరుకుతారు. నేలంతా తవ్వాల్సిన పని ఉండదు. తీసిన పొదను వేళ్లు పైకి ఉండేలా తలకిందులుగా ఎండబెట్టాలి, లేదంటే తడి నేలకు తగిలి మళ్లీ నాటుకుంటుంది. దీని పండ్లు పక్షులు తింటాయి. అందుకే వచ్చే ఏడు కొత్త మొలకలు ఎక్కువగా కనిపించేది పక్షులు వాలే చెట్ల కింద. అక్కడ ముందు వెతకండి.

సర్కారు తుమ్మ. దీని ముల్లు మామూలు చెప్పును దాటి కాలిలో దిగుతుంది. నేల మట్టానికి కొడితే బలంగా చిగురిస్తుంది, మొదలు భూమి లోపలికంటా తీయాలి. పెద్ద చెట్లను అలవాటున్న పనివాళ్లకు అప్పగించి, వాలంటీర్లు చిన్న మొక్కలకు పరిమితం కావడం మంచిది.

గుర్రపు డెక్క. మోకాలి లోతు దాటి నీళ్లలో దిగొద్దు. ఒడ్డు నుంచి కొంకి కర్రతోనో తాడుతోనో లాగండి. లాగినదాన్ని కొన్ని గంటలపాటు నీటి అంచునే ఉంచండి. వేళ్లలో చిక్కుకున్న చేపపిల్లలు, నత్తలు, తూనీగ పిల్లపురుగులు నీళ్లలోకి జారుకుంటాయి. ఆ తర్వాత వరద నీరు అందని ఎత్తుకు చేర్చి ఎండనివ్వండి. బురదలో దీని విత్తనాలు ఇరవై ఏళ్ల దాకా బతికి ఉండగలవు కాబట్టి, ఒకసారి తీసి అయిపోయింది అనుకోవడానికి లేదు. నీళ్లు తగ్గి బురద బయటపడినప్పుడల్లా మొలకలు చూసి పీకేయాలి.

కలుపును అక్కడే తగలబెట్టడం, వాలంటీర్లతో కలుపు మందులు కొట్టించడం రెండూ వద్దు. మందు తప్పనిసరి అని నిపుణులు తేల్చితే అది శిక్షణ ఉన్నవాళ్లు చేయాల్సిన పని.

పేరు తెలియని మొక్కను పీకకండి. ఆకు, పువ్వు, కాయ, కాండం నాలుగూ ఫొటో తీసి ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో పెట్టండి. యాప్ చెప్పిన మొదటి పేరునే నమ్మేయక, తెలిసినవాళ్లు నిర్ధారించేదాకా రిబ్బను కట్టి వదిలేయండి.

## 7. దానంతట అది మొలిచేదాన్ని కాపాడండి

కలుపు తీసిన తర్వాత ఒక వానాకాలం వేచి చూస్తే చాలాచోట్ల నేలలో నిద్రపోతున్న విత్తనాలు, నరికిన మొద్దుల చిగుళ్లు లేస్తాయి. ఖర్చు లేకుండా వచ్చిన ఈ మొక్కలకు ఆ నేల అలవాటే. నర్సరీ మొక్క కంటే ఇవి గట్టిగా నిలుస్తాయి.

ప్రతి మొలక పక్కన ఒక పుల్ల పాతి రంగు గుడ్డ కట్టండి. చుట్టూ అడుగు మేర కలుపు తీయండి. మేపు ఉంటే ముళ్లకంప అడ్డం పెట్టండి. ఎండు కొమ్మలు, పడిపోయిన దుంగలు, రాలిన ఆకులు ఏరి పారేయకండి. వాటి కింద తడి నిలుస్తుంది, పురుగూ పుట్రా బతుకుతుంది, వాటిని తినే పక్షులు వస్తాయి.

## 8. అప్పటికీ ఖాళీ ఉంటే నాటండి

స్థానిక జాతులే నాటాలి. విత్తనాలు దగ్గర్లోని చాలా తల్లిచెట్ల నుంచి సేకరించండి. ఒకే చెట్టు సంతతితో నిండిన తోట ఒకే తెగులుకు పోవచ్చు. చెట్టు మీద ఆ రోజు పండి ఉన్న విత్తనాల్లో ఐదో వంతుకు మించి తీసుకోకండి.

నర్సరీ నుంచి తెస్తే ఎత్తు చూసి మోసపోవద్దు. సంచిలో వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయిన ఆరడుగుల మొక్క కంటే, వేరు తిన్నగా ఉన్న రెండడుగుల మొక్క మేలు.

నాటే వరస

1. గుంతలు ముందే తీసి ఉంచండి. ప్రతి వైపూ ఒకటిన్నర అడుగు, లోతు ఒకటిన్నర అడుగు సాధారణంగా సరిపోతుంది.
2. మంచి వాన పడి నేల లోపలికంటా తడిసేదాకా ఆగండి. మొదటి జల్లుకే నాటకండి.
3. ప్లాస్టిక్ సంచి పూర్తిగా చింపి తీయండి. మట్టి గడ్డ విరగకూడదు. చుట్టుకున్న వేళ్లను విడదీయండి.
4. కాండం, వేరు కలిసే చోటు నేలమట్టానికి రావాలి. కాండం లోతుగా పూడ్చితే కుళ్లుతుంది.
5. మట్టి నింపి, గాలి ఖాళీలు లేకుండా పాదంతో మెల్లగా అదమండి.
6. చుట్టూ పాదు చేసి ఆకులు కప్పండి. కాండానికి మాత్రం బెత్తెడు దూరంలో ఆపండి.
7. సంచులు లెక్కపెట్టి వెనక్కి తీసుకెళ్లండి. ఎన్ని తెచ్చారో అన్నీ రావాలి.

## 9. రెండు వేసవులు దాటించడం

నాటే రోజున వందమంది వస్తారు. ఎండాకాలంలో నీళ్లు పోసే రోజున ఎవరొస్తారో ముందే పేర్లు రాసుకోండి. ఆ పేర్లు ఎన్ని మొక్కలకు సరిపోతాయో లెక్కేసి, అన్నే నాటండి. మొక్కల సంఖ్యను తేల్చాల్సింది ఈ లెక్కే.

రోజూ పైపైన చల్లడం కంటే వారానికోసారి లోతుగా తడపడం మంచిది. వేరు నీటి కోసం కిందికి దిగుతుంది. పాదులో కలుపు నెలకోసారి తీసి అక్కడే కప్పండి. ఆకులు వాలిపోతే వెంటనే నీళ్లు పోసేయకుండా, పాదులో వేలు లోపలికి పెట్టి చూడండి. తడిగా ఉండీ వాలిందంటే వేరుకుళ్లో, చెదలో కారణం కావచ్చు.

## 10. రాసి పెట్టుకోవడం

ఇవి చాలు, కానీ తప్పకుండా చేయాలి:

- ఒక రాయి లేదా కడ్డీ గుర్తుగా పెట్టి, ప్రతి మూడు నెలలకూ అదే చోట నిలబడి, అదే దిక్కుగా ఫొటో
- ఒక చదరపు మీటరు గడిలో ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో ఏడాదికి రెండుసార్లు లెక్క
- నెలకోసారి పొద్దున పావుగంట పక్షుల లెక్క (పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెడితే శాస్త్రవేత్తలకూ అందుతుంది)
- నాటినవి ఎన్ని, మూడు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు బతికినవి ఎన్ని

పీకడానికి నడుం సహకరించని పెద్దవాళ్లు, బడి పిల్లలు ఈ పనిలో అందరికంటే బాగా రాణిస్తారు.

## 11. తరచూ ఎదురయ్యే చిక్కులు, సర్దుకునే తీరు

దోమలు తగ్గాలని గంబూసియా, గప్పీ చేపలు వదిలేస్తున్నారు. సహజ చెరువుల్లో ఇవి వద్దు. కప్పపిల్లలనూ, స్థానిక చేపల గుడ్లనూ, పిల్లలనూ తింటాయి. తూనీగలు, కప్పలు నిలదొక్కుకునేలా అంచుల్లో తుంగ, గడ్డి పెరగనివ్వండి.

అందం కోసం గట్టు అంచును నిటారుగా చెక్కి రాళ్లు పేరుస్తున్నారు. నీటికొంగలు దిగి నడవడానికి, తాబేళ్లు ఎక్కడానికి వాలు కావాలి. మొత్తం గట్టు మార్చలేకపోతే కనీసం ఒక వైపైనా మెల్లగా దిగే వాలు ఉంచమని అడగండి.

తీసిన కలుపు మళ్లీ వచ్చింది. ఇది మామూలే. రెండోసారి మొలకలుగా ఉన్నప్పుడే వెళితే సగం శ్రమ కూడా పట్టదు. కొత్త పట్టీ తెరిచే ముందు పాత పట్టీని ఒక చుట్టు తిరిగి రావడం అలవాటు చేసుకోండి.

ఎవరో ఉంచాల్సిన మొక్కను పీకేశారు. నలుగురిలో నిలదీయకండి, ఆ మనిషి మళ్లీ రారు. వేరు తడి ఆరకముందే తిరిగి పాతి నీళ్లు పోయండి. రిబ్బన్లు సరిపోలేదేమో చూడండి.

మనుషులు తగ్గిపోయారు. ఇద్దరే మిగిలినా పని ఆపక్కర్లేదు, స్థలం తగ్గించండి. కొత్త పట్టీలు తెరవడం మానేసి, బాగుచేసిన మేరకు కలుపు మళ్లీ చొరబడకుండా అంచులు కాయండి. నాటిన మొక్కల నీళ్ల వంతులు నడిపించండి. చేతులు పెరిగినప్పుడు ఆ అంచు నుంచే ముందుకు జరగొచ్చు.